పిల్లి చొక్కాకి నాలుగు గుండీలు

ముందే చెప్పేస్తున్నాను, గుండీలక్కంటే నాకు గిట్టదు. ఇవాళో నిన్నో పుట్టిన మంట కాదిది, పద్దెనిమిదేళ్ళ నాటిది. కాబట్టి ఆవిడ గురించి నేనొక మంచి మాట చెప్పానంటే అది నా నోట్లోంచి ఎంత కష్టపడి బయటికొచ్చిందో మీరే ఊహించుకోండి. చెడ్డ మాట చెబితే మాత్రం సగమే నమ్మండి.

మా సందులో నాది చొక్కాలు కుట్టే దుకాణం. మేడ మీద, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే గది. బయట నా అంత ఎత్తు బోర్డు. లోపల రెండు మిషన్లు, పొడుగాటి కత్తిరింపు బల్ల. ఆ మేడ మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే గదిలో ఉంటుంది గుండీలక్క. ఆవిడకి మిషను లేదు. కిటికీ పక్కన ఒక పీట, సూదులు, దారపు ఉండలు, గుండీల డబ్బా, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, అంతే సరంజామా. సందులో దర్జీలందరం చొక్కా కుట్టేసి ఆవిడ దగ్గరికి పంపుతాం. ఆవిడ కాజాలు తీసి, గుండీలు కుట్టి వెనక్కి పంపుతుంది. కాజా అంటే గుండీ దూరే కంత. ఆ కంత అంచు పీచులు పోకుండా చుట్టూ దారంతో అల్లాలి. చూడ్డానికి ఏమీ లేదు. కుడితే తెలుస్తుంది.

పంతొమ్మిదేళ్ళప్పుడు కాపురానికి వచ్చిందట ఈ సందులోకి. మొగుడు దర్జీ. నాలుగేళ్ళు కాపురం చేసి ఒక పొద్దున చెప్పాపెట్టకుండా పోయాడు. పోతూ పోతూ మిషను పట్టుకుపోయాడు, కత్తెర పట్టుకుపోయాడు, ఆఖరికి ఇస్త్రీ పెట్టె కూడా పట్టుకుపోయాడు. గుండీల డబ్బా మంచం కిందికి దొర్లి కనబడలేదు కాబట్టి అదొక్కటే మిగిలింది. ఇంకొకరైతే నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఈవిడ ఆ డబ్బా చంకన పెట్టుకుని ఎదురు దుకాణానికెళ్ళి, "అన్నా, గుండీలు కుట్టే పనేమైనా ఉందా?" అని అడిగిందట. ముప్ఫై ఏళ్ళ పైమాటే అది. ఇప్పటికీ అదే డబ్బా, అదే పని. అసలు పేరు సందులో ఎవరికీ గుర్తులేదు, నాతో సహా.

ఇంత చరిత్ర నాకెలా తెలుసు అంటారా? గిట్టనివాళ్ళ గురించి తెలుసుకున్నంత శ్రద్ధగా మనం ఇంకెవరి గురించి తెలుసుకుంటాం!

ఇక నా మంట సంగతి. కొలతలు తీసేది నేను. బట్ట తడిపి ఆరబెట్టేది నేను. ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ ఉన్న మహానుభావుడికి కూడా రెండూ సమానంగా కనబడేలా కత్తిరించేది నేను. కాలరు నిలబడటానికి లోపల గట్టి గుడ్డ పెట్టి మూడుసార్లు ఇస్త్రీ చేసేదీ నేనే. చొక్కా తీసుకోవడానికి వచ్చినవాడు ఏం చేస్తాడు? మడత విప్పి, గుండీల పట్టీ మీద వేలు పెట్టి, "అబ్బ, ఏం కాజాలండీ! అచ్చు గుద్దినట్టున్నాయి" అంటాడు. కాలరు ఊసెత్తడు. రెండు గజాల బట్ట నేను కుడితే, అర అంగుళం కంతకి పొగడ్త! ఒకసారి ఒళ్ళు మండి, "పోనీ కాజాలే తొడుక్కెళ్ళండి, చొక్కా ఇక్కడ వదిలేసి" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. ఆయనా ఆ తాను ముక్కే. ఒకరోజు డ్యూటీకి వెళ్తూ అద్దం ముందు గుండీలు పెట్టుకుంటూ, "గుండీలక్క కుట్టిన గుండీ ఊడటం ఇన్నేళ్ళలో చూళ్ళేదు సుమా" అన్నాడు.

"మరి ఆ చొక్కా కుట్టిందెవరు?" అన్నాను.

"నువ్వే."

"అయితే?"

"చొక్కా కూడా బాగానే ఉందిలే."

ఆ 'బాగానే ఉందిలే'కి నాకు రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు దుకాణం తలుపు వేసుకుని నేనే కాజాలు కుట్టడానికి కూర్చున్నాను. పనికిరాని గుడ్డ ముక్క మీద ఇరవై కుట్టాను. ఇరవైకి ఇరవై మూతులు వంకర. ఎడమ మూల దారం ముద్దకట్టి, ఏడవబోయే పిల్లాడి నోరులా తయారైంది ప్రతిదీ. ఆ ముక్కని ఎవరి కంటా పడకుండా పొయ్యిలో పారేశాను.

ఇదంతా ఇలా ఉండగా, మూడేళ్ళ క్రితం ఒక వానలో గ్లౌజులమ్మ వచ్చింది.

గ్లౌజులమ్మ అంటే పిల్లి. పసుపూ గోధుమా కలిసిన చారలు, మామూలు మొహం, కానీ ముందు కాళ్ళు చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. ఒక్కో పాదానికి ఆరేసి వేళ్ళు. ఆ ఆరోది బొటనవేలులా పక్కకి నిలబడి ఉంటుంది. చలికి ఊలు గ్లౌజులు తొడుక్కుని వచ్చినట్టుంటుంది. వాటితో అది చేయని పని లేదు. నా గీతల సుద్ద రెండు పాదాల మధ్య పట్టుకుని కిందికి విసిరేది. సొరుగు లాగేది. దారపు రీలు బొటనవేలితో తీసి బల్ల చివరిదాకా దొర్లించి, కింద పడగానే నా మొహం కేసి చూసేది, ఎలా ఉంది నా పని అన్నట్టు. నాకు పిల్లల్లేరు. ఎవరూ లేనప్పుడు దాన్ని ఏమని పిలిచేదాన్నో ఇక్కడ చెప్పను.

మధ్యాహ్నం పన్నెండయితే చేప ముక్క ముళ్ళు తీసి నా చేత్తో పెట్టేదాన్ని. ఇంకెవరు పెట్టినా ముట్టదు. అంతవరకూ బంగారమే. తిని, మూతి తుడుచుకుని, ఒళ్ళు విరుచుకుని, నేను పిలుస్తున్నా వినిపించుకోకుండా మెట్లు దిగి పోయేది. ఎక్కడికి? గుండీలక్క ఒళ్ళోకి! సాయంత్రం దాకా అక్కడే నిద్ర. రెండుసార్లు నా గుడ్డ ముక్కల బుట్టలో ఈనింది. పురుడు నా దగ్గర, పడక ఆవిడ దగ్గర. కిటికీలోంచి తొంగి చూస్తే ఒళ్ళో పిల్లి, చేతిలో నా చొక్కా, ఆవిడ తాపీగా కాజా అల్లుకుంటూ కనిపించేది. నాకున్న రెండూ ఆవిడ ఒళ్ళోనే! నా కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుండేది.

దానికి తోడు డబ్బా గొడవ. ఎప్పుడూ మూత తీసే ఉండే ఆ గుండీల డబ్బాకి ఉన్నట్టుండి తాడు కట్టింది ఆవిడ. ఒకరోజు తెల్ల గుండీ ఒకటి తగ్గితే నేనే స్వయంగా కిందికి దిగాను. ఆవిడ తాడు విప్పింది, గుండీ తీసి నా చేతిలో పెట్టింది, నా కళ్ళ ముందే మళ్ళీ రెండు ముడులు వేసింది. రెండు! నేనేమైనా గుండీల దొంగనా? "ఎందుకక్కా తాడు?" అని అడిగితే తేలిపోయేది. అడగలేదు. గుండీ తీసుకుని దడదడా మెట్లెక్కేశాను. ఆ రోజునుంచి మాటలు బంద్. నా కిటికీలోంచి బుట్టకి తాడు కట్టి చొక్కాలు కిందికి దించడం, ఆవిడ పని చేసి బుట్టలో పెడితే పైకి లాక్కోవడం. రెండున్నరేళ్ళు మా మధ్య ఆ బుట్టే నడిచింది.

మా సందు చివర మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో పిల్లుల షెల్టరు ఉంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ దాన్ని నడుపుతోంది. దెబ్బలు తగిలినవీ, రోడ్డు మీద వదిలేసినవీ ఒక నలభై పిల్లులుంటాయి. బడి అలవాటు పోలేదు ఆవిడకి, రోజూ పొద్దున్నే పేరు పేరునా హాజరు వేస్తుంది. ఒక తెల్ల పిల్లికి ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు. దానికి చెవుడు. దాని వంతు వచ్చేసరికి టీచరమ్మ కాలు నేల మీద టపటపా కొడుతుంది, ఆ అదురుకి అది తల తిప్పుతుంది. పుట్టుకతోనే తోక లేనిదొకటి, నాలుక ఎప్పుడూ బయటే ఉండేదొకటి. ఇలాంటివాటిని చూసి నవ్విపోయేవాళ్ళే గానీ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. గుండీలక్క ప్రతి ఆదివారం వెళ్ళేది సరిగ్గా వాటి కోసమే.

ఆడపిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారు అక్కడ. కడుపు మీద కుట్లు పడతాయి. పిల్లి ఊరుకుంటుందా, నాకి నాకి కుట్లు ఊడబెరుక్కుంటుంది. దానికి గుండీలక్క ఒక ఉపాయం కనిపెట్టింది. పాత చొక్కాల చేతులు కత్తిరించి, నాలుగు కాళ్ళకి నాలుగు కంతలు పెట్టి, వీపు మీద నాడాలతో ముడేసే తొడుగు. పిల్లి చొక్కా! పది రోజులు వేసి ఉంచితే కుట్లు మానిపోతాయి. టీచరమ్మ మురిసిపోయి గుండీలక్క ఫోటో తీయించి గేటు పక్క గోడకి అంటించింది. కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'మా దర్జీ'.

పాలు తేవడానికి వెళ్తూ అది చూశాను. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

దర్జీ అంట! కత్తెర సరిగా పట్టడం రాని మనిషి దర్జీ అంట! పాత చొక్కా చెయ్యి నరికి నాలుగు బొక్కలు పెడితే దర్జీ అయిపోతారా? అసలు ఆ పాత చొక్కాలు ఎవరు కుట్టినవి? సగం నావే! అంత ఎత్తు బోర్డు పెట్టుకున్న నన్ను వదిలేసి మెట్ల కిందికి వంగి వెళ్ళిందా టీచరమ్మ? ఇంటికొచ్చి పాలగిన్నె దబ్బున పెట్టాను. మా ఆయన, "ఏమైంది?" అన్నాడు. "ఏం కాలేదు" అన్నాను. ఆయన చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు, పాపం తెలివైనవాడు.

ఆ వారమంతా కూర్చుని పిల్లి చొక్కాలు కుట్టాను. పన్నెండు. మెత్తటి కొత్త నూలు బట్ట. కొలతలకి గ్లౌజులమ్మే దొరికింది. నా బల్ల మీద కునుకు తీస్తుంటే టేపుతో ఛాతీ, నడుము, కాలి చుట్టు అన్నీ తీశాను. ఒక చొక్కాకైతే దాని గ్లౌజులు పట్టేలా ముందు కంతలు పెద్దవి పెట్టాను. కాలర్లు పెట్టాను. నవ్వకండి, పిల్లికి కాలరు ఎంత ముద్దుగా ఉంటుందో మీకు తెలీదు. నాడాలు గీడాలు నాకు నచ్చవు. చొక్కా అన్నాక ముందు పట్టీ ఉండాలి, పట్టీకి గుండీలు ఉండాలి. ఛాతీ నుంచి కడుపు దాకా నాలుగేసి నల్ల గుండీలు. కాజాలు? గుండీలక్కకి పంపుతానా, నా ప్రాణం పోయినా పంపను. నేనే కుట్టాను. మూతులు వంకరే. పిల్లులు చూస్తాయా ఏమిటి అనుకున్నాను.

గురువారం సాయంత్రం మూట తీసుకెళ్తే షెడ్డు తాళం వేసి ఉంది. గేటు లోపలికి జారవిడిచి వచ్చేశాను. చీటీ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. ఆదివారం జనం వస్తారు. టీచరమ్మ చొక్కాలు పైకెత్తి, "ఎవరమ్మా ఇంత అందంగా కుట్టింది?" అంటుంది. గుండీలక్క మొహం వెలవెలబోతుంది. అప్పుడు నేను నిదానంగా లేచి, "ఏదో, నాకు తోచినట్టు కుట్టాను" అంటాను. ఆ మాట ఏ గొంతుతో అనాలో అద్దం ముందు నాలుగుసార్లు చూసుకున్నాను కూడా.

శుక్రవారం పన్నెండయింది, గ్లౌజులమ్మ రాలేదు. శనివారమూ రాలేదు. చేప ముక్క గిన్నెలో ఎండిపోయింది. కిందికి తొంగి చూస్తే గుండీలక్క ఒళ్ళు ఖాళీ. గదిలో పెట్టి తలుపేసిందేమోనని పళ్ళు నూరుకున్నాను. అడిగితే పోయేదానికి, మళ్ళీ అడగలేదు.

ఆదివారం ఇస్త్రీ బట్టలు కట్టుకుని షెల్టరుకి వెళ్ళాను. పదిహేను మంది దాకా ఉన్నారు. టీచరమ్మ మధ్యలో నిలబడి ఉంది. చేతిలో నా చొక్కా ఉంది, పెద్ద కంతలది. గుండె ఝల్లుమంది సంతోషంతో. కానీ ఆవిడ మొహంలో సంతోషం లేదు.

"ఎవరు కుట్టారిది?" అంది. బడిలో కిటికీ అద్దం పగిలినప్పుడు అడిగే గొంతు అది.

విషయం ఇదీ. గ్లౌజులమ్మకి మూడో ఈత రాకూడదని శుక్రవారం పొద్దున్నే గుండీలక్క దాన్ని తీసుకొచ్చి ఆపరేషన్ చేయించింది. ఆవిడ ఇంటికెళ్ళాక, దానికి మెలకువ వచ్చేలోపు పనివాళ్ళు మూటలోంచి సరిపోయే చొక్కా తీసి వేశారు. సరిపోయేది అదొక్కటే మరి, దాని కొలతలకే కుట్టాను. అది లేచి, కడుపు మీది గుండీని ఆ బొటనవేలితో పీకి, నమిలి, మింగేసింది. శనివారమంతా వాంతులు. గుండీ పేగులో అడ్డం పడిందట. డాక్టరు మళ్ళీ కోయాలన్నాడట. బతుకుతుందో లేదో చెప్పలేనన్నాడట.

చొక్కాకి నాలుగు గుండీల్లో మూడే ఉన్నాయి. నాలుగో చోట దారం వేలాడుతోంది.

"ఈ సందులో గుండీలంటే నువ్వే," అంది టీచరమ్మ గుండీలక్క వైపు తిరిగి. "కడుపు మీద గుండీలు పెట్టావా? పిల్లికి?"

గుండీలక్క చొక్కా అందుకుంది. కాలరు చూసింది. ముందు కంతలు వేళ్ళతో కొలిచింది. ఆ పాదాల కొలత తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరమే. తర్వాత కాజా మీద బొటనవేలితో రాసింది. ముప్ఫై ఏళ్ళుగా కాజాలు తప్ప ఇంకేం చూడని మనిషి. తలెత్తి నాకేసి చూసింది. చెప్పు, చెప్పేయ్ అని లోపల అనుకుంటూనే నోరు గట్టిగా మూసుకున్నాను.

"నాదేనమ్మా," అంది గుండీలక్క. "బుద్ధి గడ్డి తిని పెట్టాను."

"ఇకనుంచి నువ్వు ఇక్కడికేమీ కుట్టొద్దు" అని, టీచరమ్మ గోడ దగ్గరికి వెళ్ళి ఫోటో పీకేసింది. నాలుగు మూలలా అంటు ముక్కలు మాత్రం మిగిలాయి. నేను కోరుకున్నట్టే గుండీలక్క మొహం వెలవెలబోయింది.

హమ్మయ్య అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, సూదిలో దారం ఎక్కించేంత సేపు హమ్మయ్యే అనిపించింది. తర్వాత గ్లౌజులమ్మ గుర్తొచ్చి ఆ హమ్మయ్య కాస్తా ఎగిరిపోయింది. ఆ వెనకే, నమ్ముతారో లేదో, మళ్ళీ పాత మంట! నా తప్పు కూడా ఆవిడే తీసుకుందే! నా కాలరు, నా కొలతలు, నా చెత్త కాజాలు, అన్నీ "నాదే" అనేసిందే! ఆఖరికి తప్పు చేసినా పేరు ఆవిడకేనా?

ఆదివారం మళ్ళీ కోశారు. గుండీ బయటికి తీశారు. సోమవారానికి ప్రాణం నిలబడిందన్న కబురు మా ఆయన తెచ్చాడు. "గుండీలక్క ఇంత పని చేస్తుందనుకోలేదు," అని కూడా అన్నాడు. సందంతా అదే మాట. నేను తల వంచుకుని మిషను తొక్కాను. సూది రెండుసార్లు విరిగింది.

మంగళవారం పన్నెండింటికి కింద కిటికీలోంచి గొంతు వినిపించింది. రెండున్నరేళ్ళలో మొదటిసారి.

"ఏమే, ఉన్నావా పైన? చేప పట్టుకుని రా. అది మూడు రోజులుగా మంచినీళ్ళు తప్ప ముట్టట్లేదు. తినకపోతే నిలవదంటున్నాడు డాక్టరు."

చేప గిన్నెతో పరుగెత్తాను. షెల్టరు వెనక గదిలో, కుట్లు నాకకుండా మెడకి అట్ట గరాటా కట్టించుకుని, గోడకి తిరిగి పడుకుని ఉంది గ్లౌజులమ్మ. గుండీలక్క చేప ముక్క తన చేతిలోకి తీసుకుని పెట్టింది. అది మూతి తిప్పుకుంది. "చూడు" అని ఆవిడ గిన్నె నా ముందుకి జరిపింది. నేను ముళ్ళు తీసి, వేళ్ళ మధ్య నలిపి, మూతి దగ్గర పెట్టాను. ముక్కు కదిలింది. నాలుక బయటికొచ్చింది. తినింది. ముక్క తర్వాత ముక్క, గిన్నెంతా తినింది. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారి ఆ గరాటాలో పడ్డాయి.

ఏడుపు ఆగాక కోపం వచ్చింది. "నా తప్పు నువ్వెందుకు నెత్తినేసుకున్నావక్కా? ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. నువ్వని చెబితే నిన్ను గేటు దాటనిచ్చేవాళ్ళా? నువ్వు కొత్తదానివి. నన్నైతే కుట్టొద్దంటారు, అంతేగా. నువ్వు రాకపోతే దీనికి ఎవరు తినిపిస్తారే? నా చేత్తో తిని చచ్చిందా ఎప్పుడైనా?"

"నీ ఒళ్ళోనేగా పడుకుంటుంది రోజంతా!"

"పడుకుంటే? కడుపు నిండితే ఎవరి ఒళ్ళయితే ఏం? మూడేళ్ళు, రోజూ పన్నెండింటికి ఒళ్ళోంచి దూకి పైకి పరుగు. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు విని విని కుళ్ళి చచ్చాను తెలుసా? చాటుగా ఎన్ని చేపలు తెచ్చిపెట్టానో! ఒక్కటి ముడితే ఒట్టు. సందంతా నీకు బోర్డుందనీ మిషన్లున్నాయనీ అంటే ఏనాడూ ఏమనుకోలేదు. ఈ చేప దగ్గర మాత్రం నిన్ను చూస్తే ఒళ్ళు మండేది."

ఈవిడకి నా మీద మంటా! చెప్పకూడదు గానీ, పద్దెనిమిదేళ్ళలో అంత చల్లటి మాట నేను వినలేదు.

"మరి నన్ను దొంగని చేసి ఆ డబ్బాకి తాడెందుకు కట్టావు?"

ఆవిడ వింతగా చూసింది. "నిన్నెవరు దొంగన్నారు? అది గుండీలు నోట్లో వేసుకుంటుంటే కట్టాను. ఆ బొటనవేలితో ఒక ముడి విప్పేస్తోంది, అందుకే రెండు."

ఒక్క మాట అడిగి ఉంటే! గుండీ ఎంత ప్రమాదమో రెండున్నరేళ్ళ క్రితమే తెలిసేది.

బయటికి వస్తుంటే గోడ మీద ఆ నాలుగు అంటు ముక్కలు కనిపించాయి. వాటి మధ్య ఖాళీ చూడలేకపోయాను.

ఆదివారం వచ్చింది. మళ్ళీ జనం ఉన్నారు. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడి, "టీచరమ్మా, ఆ గుండీల చొక్కా కుట్టింది నేను. అక్క కాదు," అన్నాను. అద్దంలో చూసుకున్న గొంతు రాలేదు. బొంగురుగా వచ్చింది.

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎంత మంచి మనసమ్మా నీది! అక్క మాట పడుతుంటే చూడలేక తన మీద వేసుకుంటోంది చూడండి. పైగా మూడు రోజులు తిండి ముట్టని పిల్లికి తినిపించింది కూడా ఈ అమ్మాయే."

అందరూ నాకేసి చూశారు. ఎలా చూశారంటే, పద్దెనిమిదేళ్ళుగా ఏ చూపు కోసం చచ్చిపోయానో ఆ చూపు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతే చాలు, అదంతా నాదే. ఒక్క క్షణం ఆగాను కూడా. గుండీలక్క ఒక మూల నిలబడి, వద్దులే అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుడే నన్ను రెచ్చగొట్టింది. ఇది కూడా నాకు ఆవిడ దానమిస్తుందా?

"ఒక సూది ఇప్పించండి. దారం, గుడ్డ ముక్క," అన్నాను.

బెంచీ మీద కూర్చున్నాను. గుడ్డకి అర అంగుళం గాటు పెట్టాను. ఇరవై జతల కళ్ళ ముందు, మా సందులోకెల్లా మంచి కాజా కుట్టే మనిషి ముందు, కాజా కుట్టడం మొదలుపెట్టాను. బాగా కుట్టాలనే కుట్టాను, దొంగతనంగా చెడగొట్టలేదు. అయినా వంకర మూతి వంకర మూతే. ఎడమ మూల దారం ముద్దకట్టింది. తెంపి టీచరమ్మ చేతికిచ్చాను. ఆ గుండీల చొక్కా కూడా పక్కన పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కాపీ కొట్టిన రెండు పరీక్ష పేపర్లు పక్కపక్కన పెట్టి చూసినట్టు చూసింది.

"ఒకే చెయ్యి," అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను తలెత్తలేదు. "ఆరు నెలలు నువ్వు ఇక్కడికి బట్ట ముక్క తేవడానికి వీల్లేదు," అంది టీచరమ్మ. "చేప తేవచ్చు." తర్వాత సొరుగులోంచి ఫోటో తీసి, ఆ నాలుగు అంటు ముక్కల మధ్య మళ్ళీ అతికించింది.

అప్పుడు గుండీలక్క నోరు విప్పింది. "అమ్మా, కింద ఆ మాట దిద్దండి. దర్జీని నేను కాదు. దర్జీ అదిగో, అది. నేను గుండీలు కుట్టేదాన్ని."

టీచరమ్మ పెన్ను తీసింది. ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత చేశాను. ఇప్పుడది నా కోసం కొట్టేయబోతున్నారు.

"ఉండనివ్వండి," అన్నాను. ఎలా అన్నానో నాకే తెలీదు.

గ్లౌజులమ్మ నెల తిరక్కుండా కోలుకుంది. పన్నెండింటికి పైకి వస్తుంది, తింటుంది, మూతి తుడుచుకుంటుంది, నా కళ్ళ ముందే వెళ్ళిపోతుంది. కడుపు మండుతుంది. బుట్టని మాత్రం కిటికీలోంచి తీసేశాను. చొక్కాలు చంకనేసుకుని మెట్లు దిగి నేనే ఇచ్చి వస్తున్నాను. ఇచ్చేటప్పుడు గ్లౌజులమ్మ ఆవిడ ఒళ్ళో నిద్రపోతుంటుంది. "చూశావా, కదల్లేను" అంటుంది గుండీలక్క, కావాలనే. నేనూ ఊరుకోను, "నేను పెట్టిన చేప బరువు అది" అని వస్తాను.

మొన్నొకాయన చొక్కా తీసుకోవడానికి వచ్చాడు. మడత విప్పి, పట్టీ మీద వేలు పెట్టి, "అబ్బ, ఏం కాజాలండీ, ఎవరు కుట్టారు?" అన్నాడు. పళ్ళు కొరుక్కుంటూ మెట్ల కింద గది చూపించాను.